కోట్లమ్మ ఇంట్లో గాజుగుత్తి

కోట్లమ్మ అంటే కోట్లున్న మనిషి అనుకునేరు. అంత అదృష్టమే ఉంటే ఇక ఈ కథెందుకు. ఆవిడ కోట్లు కుట్టే మనిషి. కోర్టుకెళ్ళే లాయర్ల నల్లకోట్లు, హోటలు గుమ్మాల్లో నిలబడేవాళ్ళ ఇత్తడి గుండీల కోట్లు, బ్యాండు మేళం వాళ్ళ ఎర్రకోట్లు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది వాడేవాళ్ళు లేక అరిగిపోకుండా అలాగే ఉంది. వీధిలో అందరికీ ఆవిడ కోట్లమ్మే. ఆ పేరు పెట్టి పిలిచి నవ్వేవాళ్ళతో తనూ నవ్వేది. పని దగ్గర మాత్రం నవ్వులాటల్లేవు. ఆవిడ చేతిలోంచి వెళ్ళిన కోటు మళ్ళీ ఆ ఇంటి గుమ్మం ఎక్కిన పాపాన పోలేదు. ఆవిడ పరువంతా అందులోనే ఉంది.

ఆవిడకి కోపం ఎక్కువనేవాళ్ళు కూడా ఉన్నారు. ఎక్కువేం కాదు. వచ్చిన కోపాన్ని మింగి పైకి నవ్వడం ఆవిడకి చేతకాదు, అంతే. ఆ విద్య ఆవిడ మొగుడికి వచ్చు.

ఆయన సోఫాలూ మంచాలూ దీపాలూ అమ్మే పెద్ద షోరూములో సేల్స్‌మన్. మడత నలగని చొక్కా, వెన్నలాంటి మాట. కొత్తగా వచ్చినవాళ్ళు ఈయనే యజమాని అనుకుని నమస్కారం పెట్టిన రోజులున్నాయి. పెట్టనిచ్చేవాడు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళ ముందుగదులు ఆయన మాట మీద అలంకారం చేసుకున్నాయో లెక్కలేదు. తన ఇంటి ముందుగది మాత్రం గుడ్డముక్కలూ దారప్పోగులూ మైనపు సుద్దముక్కలూను. కిటికీ వారగా కత్తిరింపుల బల్ల, పక్కన మిషను. తోటివాళ్ళెవరైనా ఇంటికొస్తామంటే ఆయన వీధి చివరి టీ కొట్టుకే తీసుకెళ్ళి మాట్లాడి పంపేవాడు. ఆ సంగతి కోట్లమ్మకి తెలుసు. తెలిసీ ఊరుకునేది, ఆ గదే ఇల్లు నడుపుతోందని ఆయనకీ తెలుసు కాబట్టి.

ఆ గదిలో ఆవిడ దేనికైనా విలువిచ్చేదంటే పైనున్న లైటుకి. పళ్ళెంలా బల్లపరుపుగా, సీలింగుకి అతుక్కుని ఉండే తెల్లటి లైటు. దానికో కథ ఉంది. అంతకుముందు అక్కడ పసుప్పచ్చటి బల్బు ఉండేది. ఓసారి దాని కింద నీలంకోటు అంచంతా నల్లదారంతో కుట్టేసి, తెల్లారాక కిటికీ దగ్గర చూసుకుని, మొత్తం విప్పి మళ్ళీ కుట్టింది. అదే రోజు లైట్ల కొట్టుకి వెళ్ళింది. సంచిలో రెండు దారపు రీళ్ళు, ఒకటి నలుపు, ఒకటి ముదురు నీలం. కొట్టతన్ని ఒక్కొక్క లైటే వెలిగించమనడం, దాని కింద రెండు రీళ్ళూ పక్కపక్కన పట్టుకోవడం, "ఇది కాదు" అనడం. కొట్టతనికి విసుగొచ్చి, "అమ్మా, లైటు కొంటారా, పరీక్ష పెడతారా?" అన్నాడు. "పరీక్షే" అంది కోట్లమ్మ. చివరికి ఒకదాని కింద నలుపు నలుపులా, నీలం నీలంలా కనబడ్డాయి. అది తెచ్చుకుంది. ఆ రోజు మొగుడూ వెంట వెళ్ళాడు. వెళ్ళి, సిగ్గుతో చచ్చిపోతున్నట్టు కొట్టు బయట నిలబడి వీధిలో వచ్చేపోయే బళ్ళని చూస్తూ ఉండిపోయాడు. చూశాడు గానీ, లోపల ఏం జరుగుతోందో తెలియని మనిషేం కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

షోరూముకి ఊరి నడిబొడ్డున కొత్త బ్రాంచి పెడుతున్నారు. పాత షోరూములో ప్రదర్శనకి వేలాడదీసిన సామాన్లు కొన్ని పనివాళ్ళకే చవగ్గా ఇచ్చేశారు. అందులో ఓ షాండ్లియర్, అదే, గాజుపూసల దీపాల గుత్తి, ఉంది. ఆయన ఏళ్ళ తరబడి దాని కింద నిలబడి, అలాంటివి ఇంకొకళ్ళ ఇళ్ళకి పంపించిన మనిషి. ఆ గాజుపూసలు ఒక్కొక్కటీ స్వయంగా తుడిచాడు. తెచ్చుకుందామనిపించింది. అనిపించడం తప్పు కాదు. అడక్కపోవడం తప్పు.

కోట్లమ్మ లైనింగు గుడ్డకీ గుండీలకీ బజారుకెళ్ళి వచ్చేసరికి, గుమ్మంలోనే ఎలక్ట్రీషియన్ ఎదురయ్యాడు. చంకలో నిచ్చెన, చేతిలో ఏదో అట్టపెట్టె. పక్కకి తప్పుకుని, "జాగ్రత్తమ్మా, కింద పొడి ఉంది" అన్నాడు. లోపలికెళ్ళి చూస్తే పొడే కాదు, ఇల్లే వేరేవాళ్ళ ఇల్లయిపోయింది. సీలింగుకి కొత్తగా కన్నం పొడిచి కొక్కెం దించారు. దానికి గొలుసు, గొలుసుకి ఇత్తడి కొమ్మలు, కొమ్మలకి గాజుపూసల తోరణాలు. ఆ గది ఎత్తు మామూలు ఎత్తే. అందుకని ఆ వేలాడేది సరిగ్గా మనిషి నుదుటి దాకా వచ్చి ఆగింది. ఎవరి తలా తగలకుండా ఉండాలంటే కింద బల్ల ఉండాలి. ఇంట్లో ఉన్న పెద్ద బల్ల ఒకటే. కిటికీ దగ్గరున్న కత్తిరింపుల బల్లని ఈడ్చుకొచ్చి గది మధ్యలో పెట్టి, మీద పువ్వుల దుప్పటి పరిచి, దానిమీద గాజు కూజా పెట్టాడు మహానుభావుడు. కత్తెరలన్నీ బుట్టలో పోసి మంచం కిందకి తోశాడు.

"నా లైటేది?" అంది కోట్లమ్మ.

"ఆ పాతదా? మనకెందుకని ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చేశాను. ముందు నువ్విది చూడు." స్విచ్చి వేశాడు.

అందంగా లేదని ఎవరన్నారు? అందంగానే ఉంది. గోడలనిండా చిన్నచిన్న పసుప్పచ్చటి వెలుగుముక్కలు పరుచుకున్నాయి. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా విచ్చుకుంది. అది చూసి కోట్లమ్మకి ఒళ్ళు ఇంకా మండింది. మిషను సొరుగులోంచి రెండు రీళ్ళు తెచ్చి ఆయన కళ్ళముందు పెట్టింది.

"ఏది నలుపు?"

ఆయన ఆ చెయ్యీ ఈ చెయ్యీ చూశాడు. "రెండూ బాగానే ఉన్నాయిగా" అన్నాడు.

ఇంక చూడండి. "బాగుండడం గురించి కాదండీ నేనడిగేది. నా పని మీద నీళ్ళు పోసి, దానిమీద దుప్పటి కప్పి, పైన పూలకూజా పెట్టారు. ఒక్క మాట అడిగారా? నేను మనిషినా, ఈ ఇంట్లో కుర్చీనా?" అని మొదలుపెట్టి, పక్కింటి కుక్కర్ కూత కూడా వినబడనంత గట్టిగా కడిగేసింది. ఆయన అంతా విన్నాడు. విని, "మా సారు ఓ రోజు మనింటికొచ్చి దీన్ని చూస్తానన్నారు" అన్నాడు, అన్నిటికీ అదే జవాబన్నట్టు.

కోట్లమ్మ బల్లని మళ్ళీ కిటికీ దగ్గరికి ఈడ్చింది. మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో నడిచొస్తూ ఆయనే ఆ వేలాడేదానికి నుదురు కొట్టుకున్నాడు. ఇంత బొప్పి కట్టింది. బల్ల మళ్ళీ మధ్యకి వచ్చింది. ఆవిడ ఈడవడం, ఆయన ఈడవడం, నేలంతా గీతలు. ఇంతలో పెళ్ళయి వేరే ఊళ్ళో ఉన్న కూతురు ఫోన్ చేసింది. తండ్రి ముందే చెప్పుకున్నట్టున్నాడు. "పాపం నాన్న జన్మలో ఒక్కదానికి ముచ్చటపడ్డాడమ్మా, పోనీలే" అంది. నా ముచ్చట ఎవరికీ పట్టదేమిటే అని అడగబోయి, పిల్లని ఎందుకు లాగడమని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే కొంప ముంచింది.

షోరూము యజమాని కొత్త బ్రాంచి ప్రారంభానికి నీలంకోటు కావాలన్నాడు. మా ఆవిడ కుడుతుంది సార్, ఊళ్ళో ఆమె చేతిని మించిన చెయ్యి లేదు అని ఈయనే ముందుకురికి ఒప్పుకొచ్చాడు. పొగిడినందుకు ఆవిడకి సంతోషం వేసింది, అబద్ధమెందుకు. అప్పటికే ఓ లాయరుగారి నల్లకోటు చేతిలో ఉంది. రెండు గుడ్డలూ ఒకే మిల్లువి, ఒకే నేత, చేత్తో తడిమితే తేడా తెలియదు. అందుకే ఆవిడకో అలవాటుంది. రెండు కోట్లు ఒకసారి కత్తిరిస్తే, నలుపు ముక్కలు బల్లకి గోడ వైపు, నీలం ముక్కలు కిటికీ వైపు. మధ్యలో కొలబద్ద అడ్డం. ఇప్పుడు బల్ల గది మధ్యలో ఉంది కాబట్టి వైపులనేవే లేవు. అయినా కొలబద్ద అడ్డం పెట్టుకుని, పగటిపూటే చూసి కత్తిరించింది. రెండు కోట్ల ముక్కలూ వేటికవి సర్దిపెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

ఆ సాయంత్రం షోరూములోని తోటి సేల్స్‌మన్ ఒకడు షాండ్లియర్ చూడ్డానికి వచ్చాడు. టీ కొట్టు దాకా తీసుకెళ్ళి పంపించే రోజులు పోయాయిగా. బల్ల మీద గుడ్డలుంటే బావుండదని ఆయన రెండు చేతులతో అన్నీ కలిపి ఒక కుప్ప చేసి, మిషను మీద పడేసి, దుప్పటి పరిచాడు. కోట్లమ్మ వచ్చి చూసుకుని పళ్ళు పటపటలాడించింది. పరాయివాడి ముందు మొగుణ్ణి తిట్టడం బావుండదని ఆగింది. అతను వెళ్ళాక మళ్ళీ ముక్కలు వేరుచేసింది. బయట నాలుగు రోజులుగా ముసురు. కిటికీలోంచి వచ్చే వెలుతురు వంటింటి గుడ్డలా మాసిపోయి ఉంది. లోపల ఆ పసుప్పచ్చ గాజుగుత్తి. ఎడమచెయ్యి, కుడిచెయ్యి, ముందు భాగం, వీపు, అన్నీ ఎత్తి చూసింది, దించి చూసింది, కళ్ళు పొడుచుకుంది. గడువు మెడ మీద ఉంది. కుట్టేసింది.

ప్రారంభం రోజున ఎండ విరగకాసింది. ముసురంతా ఎక్కడ దాక్కుందో. కొత్త బ్రాంచి ముందు వీధిలో కుర్చీలు వేశారు. యజమాని నీలంకోటు తొడుక్కుని మెట్లెక్కాడు. కోట్లమ్మ జనంలో నిలబడి భుజాలు చూసుకుంది. భుజాలు చక్కగా కూర్చున్నాయి. కాలరు వంక పెట్టడానికి లేదు. యజమాని కత్తెర తీసుకుని రిబ్బన్ కత్తిరించడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి నల్లగా ఉంది. మిగతా కోటంతా నీలం.

అందరికంటే ముందు చూసింది ఆవిడే. తరవాత ఎవరో చిన్నగా నవ్వారు. ఇంకెవరో, "సార్, చెయ్యి వేరే రంగులా ఉంది" అన్నారు. యజమాని చెయ్యి చూసుకుని, కోటు చూసుకుని, తనూ నవ్వేశాడు. "ఏమయ్యా, ఇదేం ఫ్యాషన్?" అని వెనక్కి తిరిగి అడిగాడు.

కోట్లమ్మ మొగుడు వెన్నలాంటి గొంతుతో, అందరికీ వినబడేలా, "మా ఆవిడకి చూపు తగ్గింది సార్. వయసు మీద పడుతోంది కదా" అన్నాడు.

అందరూ అయ్యో అన్నారు. ఆ అయ్యోలు ఆవిడకి చెంపదెబ్బల్లా తగిలాయి. పక్కనే ఆవిడ దగ్గర ఎప్పట్నుంచో కుట్టించుకునే టీచరమ్మ ఉంది. చెయ్యి పట్టుకుని, "ఆపరేషన్ చేయించుకుంటే బాగుపడుతుంది లెండి" అంది. ఆవిడ నిజంగా జాలిపడే అంది. ఆ జాలే ఎక్కువ మండించింది. సూది బెజ్జంలో దారం ఒక్క పోటులో ఎక్కించే మనిషి చూపు పోయిందట. చెప్పిందెవరు, రెండు రీళ్ళ మధ్య తేడా చెప్పలేక నీళ్ళు నమిలిన మనిషి.

ఇంటికొచ్చాక ఆవిడ అరుస్తుందని ఆయన భయపడ్డాడు. అరవలేదు. చేతిలో ఉన్న లాయరుకోటు ముక్కలు తీసి ఎండలో చూసింది. అన్నీ నలుపు, ఒక చెయ్యి మాత్రం నీలం. దాన్ని మడతపెట్టి సొరుగులో దాచింది. మిషనుకి తొడుగు తొడిగింది. ఆ వేలాడేదాని కింద కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏమిటిది?" అన్నాడాయన.

"చూపు పోయిందిగా. గుడ్డిది కోట్లెలా కుడుతుంది?"

"నోరు జారి అన్నానే. ఆ సమయంలో ఏదో ఒకటి చెప్పాలిగా."

"ఏదో ఒకటి ఎందుకు, ఉన్నది చెబితే నోరు పడిపోయేదా? ఇప్పుడు మీరే అందరికీ చెప్పుకోండి."

అన్నంత పనీ చేసింది. ఎవరొచ్చినా ఆవిడ లేవదు. గుమ్మంలో ఆయనే నిలబడాలి. హోటలు వాళ్ళ మనిషి వచ్చాడు. ఆయన "కొంచెం చూపు..." అని గొణిగాడు. బ్యాండు మేస్త్రీ వచ్చాడు. మళ్ళీ చూపే. లాయరుగారు స్వయంగా వచ్చి, "నా కోటేమైందయ్యా, వాయిదాకి ఏం తొడుక్కోను?" అని కేకలేశాడు. చూపు సంగతి చెబుతుంటే మొగుడి గొంతు పీలగా అయిపోయింది. లోపల్నుంచి కోట్లమ్మ, "గట్టిగా చెప్పండి, మొన్న చెప్పినట్టు" అని అందించింది. రానురాను వచ్చేవాళ్ళు తగ్గారు. మిషను చప్పుడు లేని ఇల్లు ఎంత బోసిగా ఉంటుందో ఆయనకి కాపురం పెట్టాక మొదటిసారి తెలిసింది. తెలిసినా ఆయన నోట్లోంచి తప్పు నాదే అన్న ఒక్క మాట రాలేదు. రాకపోతే తను మళ్ళీ కత్తెర పట్టనని ఆవిడ భీష్మించుకుంది. పట్టకపోతే చెయ్యి మర్చిపోతుందేమో, ఊరు మర్చిపోతుందేమో అని లోపల్లోపల బెంగ. ఆ బెంగ పైకి చెప్పదు. ఉప్పు తక్కువైన కూర మీద, తలుపు గడియ మీద, ఎగిరొచ్చిన కాకి మీద చూపించేది.

అలాంటి ఓ సాయంత్రం యజమాని వచ్చాడు, అన్న మాట ప్రకారం షాండ్లియర్ చూడ్డానికి. చేతిలో సంచి. సంచిలో కోటు. దాన్ని బయటికి తీస్తుంటేనే కోట్లమ్మ ముఖం మాడిపోయింది. ఆవిడ కుట్టిన కోటు తిరిగి గుమ్మం ఎక్కింది. చూడకూడని రోజు చూడనే చూసింది.

"ఊరికే పారెయ్యడం ఎందుకని తెచ్చాను. ఎవరైనా వేరేవాళ్ళ చేత చెయ్యి మార్పించవయ్యా. పాపం ఆవిడకి ఎందుకు శ్రమ" అన్నాడు యజమాని, ఆవిడ అక్కడే కూర్చుని ఉండగా. కోటుని బల్ల మీద పరిచాడు. పైన షాండ్లియర్ ధగధగలాడుతోంది. యజమాని కుడిచెయ్యి లాగి చూశాడు. ఎడమచెయ్యి లాగి చూశాడు. మళ్ళీ కుడి. కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు.

"ఇందులో తేడా ఏదయ్యా? ఆ రోజు కొట్టొచ్చినట్టు కనబడిందే. ఏ చెయ్యది?"

మొగుడు వంగి చూశాడు. కోటు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఎంత చూసినా అంతా ఒకటే రంగు. తలెత్తి పెళ్ళాం వైపు చూశాడు. కోట్లమ్మకి తెలుసు ఏ చెయ్యో, కళ్ళు మూసుకుని చెప్పగలదు. చేతులు కట్టుకుని అలాగే కూర్చుంది. ఆ ఒక్క నిమిషం ఆవిడ జన్మలో ఎప్పుడూ లేనంత కష్టపడి నోరు మూసుకుంది.

యజమాని ఎదురుచూస్తున్నాడు. కోట్లమ్మ మొగుడు నుదుటిమీద బొప్పి మానిన చోటు చేత్తో రుద్దుకున్నాడు.

"నాకూ కనబడ్డం లేదు సార్" అన్నాడు చివరికి. అది వెన్నలాంటి గొంతు కాదు, గరగరలాడే గొంతు. "ఈ లైటు కింద ఎవరికీ కనబడదు. ఆమె చూపుకేం కాలేదు. రంగులు తెలియాలని కొట్టంతా వెతికి తెచ్చుకున్న లైటు నేను పీకించేశాను. బల్లని కిటికీ దగ్గర్నుంచి లాగేశాను. ముక్కలు కలిపేసింది కూడా నేనే. ఆ రోజు అందరి ముందూ ఆమె మీద తోసేశాను."

యజమాని భుజం తట్టి నవ్వాడు. "పోనిద్దూ, ఓ కోటే కదా. దీనికింత బాధా?" అని, తలెత్తి గాజుపూసలు చూసి, "గది మాత్రం దీనితో కళకళ్ళాడిపోతోందయ్యా" అన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు. ఓ కోటే కదా అన్నందుకు కోట్లమ్మకి ఆ టీలో ఉప్పు కలిపి ఉండాల్సింది అనిపించింది.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు. కరెంటు మెయిను ఆపాడు. కూజా తీసి, దుప్పటి తీసి, బల్లమీద స్టూలు వేసి ఎక్కాడు. కొక్కెం దగ్గర చెయ్యి పెట్టి, వైరు విప్పి, బరువంతా గుండెకి ఆనించుకున్నాడు. పూసలు గలగలలాడాయి. కోట్లమ్మ లేచి వచ్చి స్టూలు కాళ్ళు పట్టుకుంది. పడితే చూడాల్సింది మళ్ళీ తనేగా.

"దీన్ని ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు పైనుంచి.

"ఏమన్నారు?"

"ఎక్కడ పెట్టమంటావని అడుగుతున్నా."

ఆ గాజుగుత్తిని ఎక్కడ పెట్టుకోవాలో ఇన్నాళ్ళుగా ఆవిడ దగ్గర చాలా జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ మంచిది కాదు. తీరా అడిగేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. అడిగింది అంత చిన్న మాట. ఇన్నాళ్ళూ దాని కోసమేనా తను ఇంత మండిపడింది అనుకుంది. అందుకూ కోపమొచ్చింది.

"ఇప్పుడా అడిగేది? ముందు దిగండి. నా లైటు తెచ్చాక చెబుతాను" అంది.

ఆయన దాన్ని దించి గోడవారగా పెట్టి, చెప్పులేసుకుని ఎలక్ట్రీషియన్ ఇంటికి బయల్దేరాడు. కోట్లమ్మ బల్లని కిటికీ దగ్గరికి తనే ఈడ్చుకుంది. ఇంకా కాస్త వెలుతురుంది. సొరుగులోంచి నీలం చెయ్యి తీసి పక్కన పెట్టుకుని, కోటుకున్న నల్లచెయ్యి కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

ఆవిడ భుజం దాకా విప్పేసరికి టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది. "వీధి మలుపులో మీ ఆయన కనబడ్డారండీ. ఎక్కడికని నేనడగనైనా లేదు, ఆగి మరీ, మా ఆవిడ చూపు బాగానే ఉంది, తప్పు నాదే అని చెప్పి వెళ్ళిపోయారు. ఏమిటండీ సంగతి?" అంది.

కోట్లమ్మ తలెత్తలేదు. చేతిలో కుట్టు తెంపి, దారప్పోగు ఊదేసింది.

"ఇంకెవరెవరికి చెప్పారు?" అని అడిగింది.